డింబూలాలో పలక విరిగింది

వ్యాను మాది కాదు, బ్రోనీ వాళ్ళ మేనమామది.
పక్క తలుపు తాడుతో కట్టాలి.
ఎడమకి తిరిగితే హారన్ దానంతటదే మోగుతుంది.
మెల్బోర్న్ దాటేదాకా ప్రతి ఎడమ మలుపులోనూ
ఎవరో ఒకరు అద్దం దించి మమ్మల్ని తిట్టారు.

మనిషికి ఎనభై డాలర్లు, మిలో డబ్బాలో వేశాం.
డబ్బా టామటి ఒళ్ళో.
టామటి వాళ్ళ తాత పేరట, మావోరీ పేరు.
మా భాషలో నిన్ను పప్పులో వేస్తాం అన్నాను.
అప్పట్నుంచీ సాయంత్రమైతే చాలు అడుగుతాడు,
ఇవాళ నేనేనా అని.
అవును, నువ్వే.
ఎర్రపప్పు, ఒంటి పొయ్యి, నిన్నటి గిన్నె.

ఇక్కడ ప్రతి చిన్న ఊరికీ
ఒక గోధుమ గాదె, యుద్ధంలో పోయినవాళ్ళ పేర్ల రాయి,
తలుపులు మూసేసిన బ్యాంకు,
వాటి వెనక ఎక్కడో ఎండకి తెల్లబోయిన సిమెంటు గుంట.
గుంటలో దిగడానికి డబ్బులక్కర్లేదు.
అక్కడిదాకా రావడానికే.

బోఫోర్టులో వాన.
అరరాట్‌లో స్కూటర్ల పిల్లకాయలు, చోటివ్వలేదు.
స్టావెల్‌లో నేను పడ్డాను.
హార్షంలో కూడా.

నాకు ముప్పై నాలుగు. నలుగురిలో పెద్దదాన్ని.
ఈ చెక్క ఎక్కింది పోయిన మార్చిలో.
పైన నల్ల గరుకు కాగితం, చేత్తో తడిమితే చాలు
నాకు పలక అనే మాటే వచ్చింది, ఇంకోటి రాలేదు.
దానిమీద మోకాలితో, మోచేత్తో దిద్దుతున్నాను.
అ ఇంకా గుండ్రం తిరగలేదు.

రాత్రిళ్ళు వృద్ధాశ్రమంలో పని నాది.
ఎనభై దాటినవాళ్ళు పడకుండా పట్టుకోవాలి.
పడితే ఫారం నింపాలి:
ఎన్నింటికి, ఏ వైపు, కింద ఏముంది, చూసిందెవరు.
ఆరేళ్ళలో ఎన్ని నింపానో.
పడటం ఎలాగో మాత్రం ఏ గడిలోనూ లేదు.
అది నేర్పింది హియెన్:
చేతులు చాపకు, భుజం మీద దొర్లు,
నేలతో పోట్లాడకు, అది నీకన్నా పెద్దది.

డింబూలాలో ఆ హియెన్ పలకే విరిగింది.
మూడు మెట్ల మీంచి ఎగిరాడు, దిగాడు,
ఒక్క చప్పుడు, ఎండు కొమ్మలా.
రెండు ముక్కలూ రెండు చేతుల్లో పట్టుకుని
చిన్నప్పుడు బడినుంచి అలాగే వచ్చేదాన్ని నేను,
ఇంట్లో ఏం చెప్పాలో ఆలోచిస్తూ.

డబ్బా గుమ్మరించాం. నలభై ఒకటి, చిల్లర.
కొత్త పలకకి నూట పది. ఇంటిదాకా పెట్రోలుకి డెబ్బై.
కాసేపు ఎవరం మాట్లాడలేదు.
నాది తీసుకో అన్నాను.
హియెన్ తల ఊపాడు.
వంతులు వేసుకుందాం, ముందు నువ్వు దిగు అన్నాడు.

అప్పటిదాకా వాళ్ళు ఆడుతుంటే
మూలన ఎవరికీ అడ్డు రాకుండా పడేదాన్ని.
ఇప్పుడు ముగ్గురికీ నన్ను చూడటం తప్ప పని లేదు.
అంచుమీద తోక తొక్కిపట్టి నిలబడ్డాను.
ముందరి కాలు వెయ్యాలి, అంతే,
బరువంతా అటు ఇచ్చెయ్యాలి,
సగం ఇస్తే పలక వెనక్కి తన్నేస్తుంది.
సగమే ఇచ్చాను.

సమయం నాలుగూ ఇరవై.
కుడి వైపు.
కింద సిమెంటు, ఒక చిప్స్ కాగితం.
చూసినవాళ్ళు ముగ్గురు మనుషులు, ఎవరిదో కుక్క.
ఇదంతా పైకే చెప్పాను, పడుకునే.
బ్రోనీ నవ్వి నవ్వి ఎక్కిళ్ళు తెచ్చుకుంది.

మళ్ళీ ఎక్కాను. ఇంకో ఫారం.
మళ్ళీ.
ఎన్నోసారో, కాలు వేసేశాను,
గుంట నన్ను మింగి అవతలి గట్టుమీద ఉమ్మేసింది,
నిలబడే ఉన్నాను.
చూశారా అని వెనక్కి తిరిగాను.
టామటి డబ్బాలో చిల్లర మళ్ళీ లెక్కపెడుతున్నాడు.
కుక్క చూసింది.

చీకటి పడ్డాక విమెరా నది ఒడ్డున టెంట్లు.
విరిగిన ముక్క గరుకు వైపు కిందకి పెట్టి,
జారకుండా, దానిమీద ఉల్లిపాయలు తరిగాడు హియెన్.
ఇన్నాళ్ళకి పనికొచ్చింది అన్నాడు.
పప్పులో కాస్త నది ఇసుక పడింది, తిన్నాం.
నా కుడి తొడ వంకాయ రంగు తిరిగింది,
ఎవరడిగినా చూపించాను, అడక్కపోయినా.

పొద్దున బ్రోనీ బ్యాంకు ఖాతాలో
ఎవరో బాకీ తీర్చిన ముప్పై డాలర్లు కనిపించాయి.
ఇంటికెళ్ళే దారిలో అన్నీ కుడి మలుపులే అంది తను,
తాడు బిగిస్తూ.
మొదటి వీధి చివరే హారన్ మోగింది.